నిద్ర కోసం కొండెక్కిన ఉప్పు వర్తకుడు

అనగనగా అని నేనంటే ఊఁ అని మీరనాలి. మీరు ఊఁ కొట్టడం మానేశారంటే ఈ కథలో వర్తకుడు కొండ మొదట్లో, ఎటు పోవాలో తెలియక, అక్కడే నిలబడిపోతాడు. అసలే తికమక మనిషి.

అనగనగా సముద్రం ఒడ్డున వేలాపురం అనే రేవుపట్నం. ఆ పట్నంలో శరభయ్య అనే ఉప్పు వర్తకుడు ఉండేవాడు. ఎక్కడో మెట్ట ఊరి నుంచి చేతిసంచీతో వచ్చి, ఉప్పు మీదే ఎదిగి, గొప్ప ధనవంతుడైనాడు. ఎంత కలిమి వచ్చినా ఆయనకు ఒక పాత అలవాటు మాత్రం పోలేదు. దేన్నైనా నాలిక మీద వేసుకుంటేగానీ నమ్మడు. ఉప్పుగల్లు ఒకటి నోట్లో వేసుకుని అది ఏ మడిలో పండిందో చెప్పేసేవాడు. ఆ ధీమాతో బట్టల కొట్టుకు వెళ్ళినా పంచె అంచు ఓసారి చప్పరించి చూసేవాడు. ఊళ్ళోవాళ్ళు నవ్వుకునేవారు. ఆయన పట్టించుకునేవాడు కాదు.

ఆయన భార్య పేరు నూకరత్నం. ఉప్పుమడుల గట్టున పుట్టి పెరిగిన మనిషి. పెళ్ళయిన చాలాకాలం దాకా వాళ్ళ కాపురం అలలకు చేరువలో, ఒక పెంకుటింట్లోనే సాగింది. డబ్బు చేరాక శరభయ్య మనసు ఊరుకోలేదు. "నా రత్నం ఇంకా ఈ హోరులో పడి ఉండాలా" అనుకుని పట్నం నడిబొడ్డున పెద్ద మేడ కట్టించాడు. సముద్రపు రొద చెవిన పడకుండా గోడలు మూరెడు మందాన పెట్టించాడు. గృహప్రవేశం నాడు తలుపులన్నీ మూయించి, "విను రత్నం, ఏమీ వినపడదు" అని మురిసిపోయాడు. ఆయన మురిపెం చూసి ఆవిడా నవ్వింది.

ఆ చలికాలం వెళ్ళేసరికి నూకరత్నానికి నిద్ర కరువైంది.

మొదట్లో ఒక జాము పట్టేది. తరువాత కునుకు కూడా పోయింది. అన్నం సహించడం మానేసింది. లేచి నిలబడితే తూలేది. గాజులు మోచేతి దాకా జారేవి. శరభయ్య గసగసాల పాలు కాయించాడు. తలకు చల్లని నూనెలు మర్దన చేయించాడు. దేవుళ్ళందరికీ మొక్కుకున్నాడు. దేనికీ ఆ కళ్ళు మూతపడలేదు.

చివరికి వైద్యుడు భీమశాస్త్రి నాడి చూసి, శరభయ్యను పక్కకు పిలిచాడు.

"శెట్టిగారూ, నా దగ్గరున్న మందులు అయిపోయాయి. అమ్మగారిని మంచుకొండ మీదికి తీసుకెళ్ళి ఈ వేసవి అక్కడ ఉంచండి. మంచి విడిది చూసుకోండి. వానలు పడేలోగా నిద్ర పట్టిందా, మనిషి నిలుస్తుంది. పట్టలేదా, ఆ పైన నేనేమీ చెప్పలేను."

భార్య అంటే శరభయ్యకు పంచప్రాణాలు. ఆ సాయంత్రమే పల్లకీ కట్టించాడు.

మంచుకొండ సంగతి మీకు చెప్పాలి. ఎండలు ముదిరితే కలవాళ్ళు వెళ్ళి ఉండడానికి ఆ కొండ మీద కొయ్యమేడలు ఉన్నాయి. రాజులకు తగిన మేడలు. అక్కడ ఒక కట్టుబాటు ఉంది. విడిది కోరి వచ్చినవాళ్ళు ముందు ఒక రాత్రి ఊరికే ఉండి చూడవచ్చు. తెల్లవారగానే ఇంటి యజమాని తాంబూలం పట్టుకుని గుమ్మంలో నిలబడతాడు. తాంబూలం అందుకుంటే వేసవంతా ఆ ఇల్లు మనది. అందుకోకపోతే దండం పెట్టి దిగిపోవచ్చు. కానీ ఒకసారి కాదని దిగిన గుమ్మం ఆ ఏడు మళ్ళీ తొక్కకూడదు. అందుకే అక్కడ ఇల్లు ఎంచుకోవడం అంటే ఆషామాషీ కాదు.

కొండ మొదట్లో ఒక చావిడి. దాని ముందు దారి మూడుగా చీలుతుంది. ఆ ఏడు ఖాళీగా ఉన్నవి మూడే మేడలు. వాటి యజమానులు ముగ్గురూ చావిడిలోనే కూర్చుని ఉన్నారు. శరభయ్య పల్లకీ అక్కడ దింపించి, నిద్ర పట్టని భార్య కోసం విడిది కావాలని చెప్పాడు.

ముందు కుందనయ్య లేచాడు. వేళ్ళ నిండా ఉంగరాలు. "శెట్టిగారూ, నాది అద్దాల మేడ. నాలుగు వైపులా మంచు శిఖరాలు కనిపిస్తాయి. చీమ చిటుక్కుమన్నా వినిపించేంత ప్రశాంతంగా ఉంటుంది" అని తన ఊటనీళ్ళు చెంబుతో ఇచ్చాడు. శరభయ్య ఒక గుక్క నోట్లో తిప్పి చూశాడు. అమృతంలా ఉన్నాయి.

రెండో మేడ యజమాని విలాసరాజు ఊరుకుంటాడా? మెత్తని శాలువా సర్దుకుంటూ వచ్చాడు. "నా మేడలో పరుపులు హంసల ఈకలవి. స్నానానికి వేడినీళ్ళ బుగ్గ ఇంట్లోనే ఉంది. నా నౌకర్లు కాళ్ళకు దూది కట్టుకుని నడుస్తారు" అని ఆకుదొన్నెలో తేనె అందించాడు. శరభయ్య నాకి చూశాడు. అదీ అమృతంలాగే ఉంది.

ఇద్దరి మాటా నిజమే అనిపించింది. రెండు మేడలూ కావాలనిపించింది. ఎటూ పాలుపోక ఆయన మూడో మనిషి వైపు చూశాడు. ఆవిడ చెంచమ్మ అనే ముసలామె. గోడకు చేరగిలి కూర్చుంది. లేవలేదు.

"నీ ఇంటి సంగతి చెప్పవేమమ్మా?"

"ఏం చెప్పను నాయనా. ఇల్లు గొప్పదే. మా ఆయన రాజుగారి కోసమని ఏరి ఏరి టేకు తెచ్చి కట్టాడు. కానీ ఇంటి వెనకాలే ఏరు కొండ మీంచి దూకుతుంది. రాత్రీ పగలూ ఒకటే హోరు. రాజుగారు ఒక్క రాత్రి పడుకుని, తెల్లారకుండానే పల్లకీ ఎక్కేశారు. మీ ఆవిడకు నిద్ర లేదంటున్నారు. మా ఇంటికి రాకండి."

ఇక్కడ శరభయ్య బుర్ర గిర్రున తిరిగింది. ఎందుకో చెబుతాను. ఉప్పు బేరంలో ఒక మోసం ఉంది. బస్తా అడుగున ఇసుక కలిపినవాడు పైకి ఎంతో మంచివాడిలా, "ఉప్పు కాస్త చెమ్మగా ఉందండీ, ముందే చెబుతున్నాను" అంటాడు. చిన్న లోపం ఒప్పుకుంటే పెద్ద లోపం వెతకరని వాడి ఎత్తు. ఆ ఎత్తుకు శరభయ్య కుర్రతనంలో చాలాసార్లు బోల్తా పడ్డాడు. కాబట్టి తన సరుకును తానే తీసికట్టు చేసుకునే మనిషిని చూస్తే ఆయనకు ఒళ్ళంతా అనుమానం.

"హోరు అని పైకి చెబుతోంది. లోపల ఇంకేదో ఉంది" అనుకున్నాడు. పాములా? దయ్యమా? పునాది కదిలిందా? ఆలోచించేకొద్దీ ఆయనకు ముసలామె ముఖం ఒకసారి మంచిదిగా, ఒకసారి మాయలమారిలా కనిపించింది.

అప్పుడు పల్లకీ తెర కొద్దిగా పక్కకు జరిగింది. నూకరత్నం నీరసంగా అడిగింది. "ఏమండీ, ఆ ఇళ్ళల్లో ఏం వినిపిస్తుంది?"

"నీకెందుకు రత్నం ఆ బెంగ? చిన్న చప్పుడైనా లేని ఇల్లే తీసుకుంటాను" అన్నాడు శరభయ్య. అని, అద్దాల మేడ దారి పట్టించాడు.

అద్దాల మేడ నిజంగానే అద్భుతం. పొద్దు గుంకే వేళ మంచు శిఖరాలు కుంకుమ అద్దినట్టు ఎర్రబడ్డాయి. శరభయ్య నోరు తెరిచి చూస్తూ, అద్దం కూడా ఓసారి నాలికతో తాకి చూశాడు. చల్లగా ఉంది. నూకరత్నం పడక మీద కూర్చుని చెవి ఒగ్గి ఏదో వింటున్నట్టు ఉంది.

"ఇక్కడ ఏం వినిపిస్తుందండీ?"

"ఏమీ లేదు. అదే కదా ఈ ఇంటి గొప్ప" అన్నాడు ఆయన.

తెల్లవారింది. కుందనయ్య తాంబూలంతో గుమ్మంలో నిలబడ్డాడు. "ఎలా ఉంది రత్నం?" అని అడిగాడు శరభయ్య. "బాగుందండీ. రాత్రంతా ఏమీ వినపడలేదు" అందావిడ. ఆ మాటకు పొంగిపోయి ఆయన తాంబూలానికి చెయ్యి చాపాడు. అంతలో ఆవిడ కళ్ళు కనిపించాయి. రెండూ చింతనిప్పుల్లా ఉన్నాయి. చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని దండం పెట్టాడు. ఇంత మంచి ఇంట్లో నిద్ర ఎందుకు పట్టలేదో ఆయనకు అంతుపట్టలేదు. వెలుతురు ఎక్కువైందేమో అనుకున్నాడు.

విలాసరాజు మేడలో వెలుతురు లేదు. ఎక్కడ చూసినా పట్టుతెరలే. పరుపు మీద కూర్చుంటే మనిషి నడుము దాకా దిగిపోతాడు. బుగ్గలో స్నానం చేసి వచ్చేసరికి శరభయ్యకు ఎముకలు కూడా మెత్తబడినట్టు అనిపించింది. నౌకర్లు దూది కట్టిన కాళ్ళతో నీడల్లా తిరుగుతున్నారు. వాళ్ళు పక్కకు వచ్చి నిలబడినా తెలియక ఆయన ఓసారి ఉలిక్కిపడ్డాడు.

"ఇక్కడ..." అంటూ నూకరత్నం నోరు తెరిచింది.

"ఏమీ వినిపించదు" అని ఆవిడ అడగకముందే చెప్పేశాడు శరభయ్య. చెప్పి, హాయిగా నిద్రపోయాడు. తప్పు నాది కాదు, ఆ పరుపుది, అని ఆయన తరువాత వాదించాడనుకోండి.

పొద్దున్న లేచి చూస్తే నూకరత్నం పరుపు అంచున అలాగే కూర్చుని ఉంది. లేచి నాలుగడుగులు వేసి గడప మీద కూలబడింది. విలాసరాజు తాంబూలం పళ్ళెం పక్కన పెట్టి పరుగెత్తుకొచ్చాడు. అతనూ మంచివాడే, పాపం. "శెట్టిగారూ, ఇంతకంటే మెత్తని పరుపు ఈ లోకంలో లేదు. ఇంకేం చెయ్యమంటారు?" అన్నాడు.

ఏం చెయ్యమనాలో శరభయ్యకు తెలిస్తే కదా. గొప్ప ఇళ్ళు రెండూ చేజారాయి. ఆ గుమ్మాలు మళ్ళీ తొక్కడానికి వీల్లేదు. వెలుతురు తీసేశాడు, చప్పుడు తీసేశాడు, గట్టిదనం తీసేశాడు. ఇంకా తీసెయ్యడానికి ఏం మిగిలింది? దిగి వేలాపురం వెళ్ళిపోదామంటే బోయీలు ఒప్పుకోలేదు.

"అయ్యా, అమ్మగారు ఈ ఎండలో దిగే ఓపికలో లేరు. దారిలో ఏమైనా జరిగితే మా వల్ల కాదు. ఆ మలుపు తిరిగితే చెంచమ్మగారి ఇల్లు. పొద్దు వాలేదాకా అక్కడ దించుదాం."

"ఆ ఇల్లా?" అన్నాడు శరభయ్య. కానీ భార్య ముఖం చూసి మెత్తబడ్డాడు. "సరే. అరుగు మీదే కూర్చుందాం. గుమ్మం మాత్రం తొక్కేది లేదు" అన్నాడు.

మలుపు తిరగకముందే హోరు ఎదురొచ్చింది. మేడ వెనకాల తెల్లగా, ధారగా, ఏరు దూకుతోంది. టేకు స్తంభాల మీద లతలు, చిలకలు, ఏనుగులు. అంత పనితనం శరభయ్య రాజుల కోటలో కూడా చూడలేదు. అది చూసి ఆయన అనుమానం రెట్టింపైంది. ఇంత గొప్ప ఇల్లు ఒట్టి చప్పుడుకే ఖాళీగా ఉంటుందా?

చెంచమ్మ చాప పరిచి, దిండు వేసి, నూకరత్నాన్ని స్తంభానికి ఆనించి కూర్చోబెట్టింది. మంచినీళ్ళు ఇచ్చింది. శరభయ్య మాత్రం నిలబడే ఉన్నాడు.

"నిజం చెప్పు అవ్వా. ఈ ఇంట్లో అసలు లోపం ఏమిటి?"

"చెప్పాను కదా నాయనా. హోరు."

"అది పైకి చెప్పేది. లోపల ఏముంది?"

"ఏమిటీ?" చెంచమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. శరభయ్య గొంతు పెంచాడు. ఏరు ఆయన గొంతును మింగేసింది. ఆయన ఇంకా పెంచాడు. పాములున్నాయా అని అరిచాడు. దయ్యాలున్నాయా అని అరిచాడు. ముసలామె అన్నింటికీ తల అడ్డంగా ఊపింది. ఆయన వంగి పునాది రాళ్ళు తట్టి చూశాడు. గోడకు చెవి ఆనించాడు. ఇక ఆగలేక స్తంభం మీద చెక్కిన ఏనుగు తొండాన్ని నాలికతో తాకాడు. మంచి టేకే. ఒక్క వంక దొరకలేదు. చెమటలు తుడుచుకుంటూ, "అయితే ఇంకేమిటి, ఇంకేమిటి?" అని మళ్ళీ కేక వేశాడు.

చెంచమ్మ ఆయన భుజం తట్టి, పెదవుల మీద వేలు పెట్టింది. కళ్ళతో వెనక్కి చూపించింది.

నూకరత్నం తల పక్కకు వాలిపోయి ఉంది. చెయ్యి జారి చాప మీద పడి ఉంది.

శరభయ్య గుండె ఆగినంత పనైంది. వైద్యుడి మాట చెవిలో మోగింది. వానలు ఇంకా పడలేదే, అప్పుడేనా, అనుకున్నాడు. పరుగున పోయి భార్య ముందు కూలబడ్డాడు. పిలవబోతే చెంచమ్మ ఆయన నోరు మూసింది. ఆయన చెయ్యి పట్టుకుని నూకరత్నం ముక్కు దగ్గర పెట్టింది. వెచ్చని ఊపిరి తగిలింది. నిదానంగా, నిండుగా వస్తోంది, పోతోంది.

"నిద్ర నాయనా. ఒట్టి నిద్ర."

శరభయ్య నమ్మలేదు. ఇంత రొదలో, తను గొంతు చించుకుని అరుస్తుండగా, ఉత్త చాప మీద, పట్టపగలు నిద్రా? అద్దాల మేడలో పట్టని నిద్రా? హంస ఈకల మీద రాని నిద్రా? తన బుర్రే ఎక్కడో తిరగబడిందేమో అనిపించింది. అనుమానంతో మళ్ళీ మళ్ళీ ఊపిరి చూశాడు. సాయంత్రమైంది. దీపాలు పెట్టారు. నూకరత్నం ఒకసారి పక్కకు ఒత్తిగిలింది, అంతే. మర్నాడు ఎండ అరుగు మీదికి వచ్చేదాకా ఆవిడ కళ్ళు తెరవలేదు. ఆయన అక్కడి నుంచి కదలలేదు.

కళ్ళు తెరిచి ఆవిడ అన్న మొదటి మాట, "ఆకలేస్తోందండీ."

ఆ మాట విని ఎన్నాళ్ళయిందో. చెంచమ్మ పెట్టిన గంజి గిన్నె ఖాళీ చేసి, నూకరత్నం ఏటి వైపు తిరిగి కూర్చుంది.

"కళ్ళు మూసుకుంటే మన పెంకుటింట్లో ఉన్నట్టే ఉందండీ. అచ్చం అలల హోరే. మా అమ్మ ఒళ్ళో ఉన్నప్పటి నుంచీ అది వింటూనే పడుకున్నాను."

"ఈ సంగతి ముందే నాతో ఎందుకు చెప్పలేదు రత్నం?"

"నాకు మాత్రం తెలుసా? ఏదో లేదని తెలుస్తోంది, అదేమిటో తెలియలేదు. అందుకే అడుగుతూ వచ్చాను, ఏం వినిపిస్తుంది, ఏం వినిపిస్తుంది అని. మీరేమో ఏమీ వినిపించదని చెప్పి సంతోషపడిపోయారు."

శరభయ్య తల వంచుకున్నాడు. మూరెడు మందం గోడలు గుర్తుకొచ్చాయి. తలుపులన్నీ మూయించి మురిసిపోవడం గుర్తుకొచ్చింది. మెట్ట ఊళ్ళో పుట్టిన తనకు ఆ హోరు గిట్టదు కాబట్టి ఎవరికీ గిట్టదనుకున్నాడు. ఎంతో ప్రేమతో, ఎంతో ఖర్చుతో, భార్య నిద్రను తన చేతులతోనే గోడ అవతలకు నెట్టేశాడు. అది తలచుకుంటే ఆయనకు సిగ్గు వేసింది. ఆవిడ దక్కిందని తలచుకుంటే కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. రెండూ ఒక్కసారే జరిగాయి.

తరువాత చెంచమ్మ దగ్గరకు వెళ్ళి చేతులు జోడించాడు. "అవ్వా, నిన్ను బస్తా అడుగున ఇసుక కలిపేవాళ్ళలో జమకట్టాను. నువ్వు ఉన్నది ఉన్నట్టు చెప్పావు. నా చెవికే ఎక్కలేదు."

"ఉన్నది చెప్పకపోతే రాజుగారిలాగా మీరూ తిట్టుకుంటూ పోతారు కదా నాయనా" అంది చెంచమ్మ. అని లోపలికి వెళ్ళి, చాలాసేపు ఏదో వెతికి, తాంబూలం పళ్ళెం తెచ్చింది. ఆ పళ్ళేనికి చిలుము పట్టి ఉంది. రాజుగారు వెళ్ళిపోయాక దాన్ని ఎవరి ముందూ పట్టింది లేదు.

శరభయ్య ఆత్రంగా చెయ్యి చాపాడు. చాపినవాడు అలాగే ఆగిపోయాడు. ముసలామె ముఖం పాలిపోయింది. ఈయన కూడా వద్దంటాడా?

ఆయన వెనక్కి తిరిగాడు. "రత్నం, వేసవంతా ఉండేది నువ్వు. నువ్వు చెప్పు. ఈ ఇల్లు తీసుకుందామా?"

నూకరత్నం ఆయన్ని ఒక్క క్షణం వింతగా చూసింది. పెళ్ళయినప్పటి నుంచీ ఏ వస్తువు కొన్నా, ఏ ఇల్లు కట్టినా, ఆయన ఆ ప్రశ్న వేయడం అదే మొదలు. ఆవిడ స్తంభం పట్టుకుని తనంతట తానే లేచింది. తూలలేదు. నడిచి వచ్చి గుమ్మం తొక్కి, తాంబూలం తన రెండు చేతులతో అందుకుంది.

వానలు పడే వేళకు నూకరత్నం బుగ్గలు నిండాయి, గాజులు మణికట్టు దగ్గర నిలిచాయి. నిద్ర పట్టనిది శరభయ్యకే. ఆ హోరులో ఆయన దూది చెవుల్లో కుక్కుకుని వేసవంతా ఎలాగో నెట్టుకొచ్చాడు, ఒక్కనాడైనా విసుక్కోకుండా. కొండ దిగగానే ఇద్దరూ సరాసరి అలల పక్క పెంకుటింటికే వెళ్ళారు. నడిబొడ్డున ఉన్న మేడ ఏమైందంటారా? గోడలు మందమైనవి కదా, చెమ్మ తగలదని దాన్ని ఉప్పు కొట్టు చేసేశాడు. ఉప్పు అందులో ఇప్పటికీ హాయిగా నిద్రపోతోందట.

మీరూ ఇక ఊఁ కొట్టడం మాని పడుకోవచ్చు. పడుకునే ముందు ఈ ఒక్కమాట విని పడుకోండి: ఎవరి సుఖం కోసం వెతుకుతున్నామో, ముందు వాళ్ళ మాట విని, ఆ తరువాతే వెతకాలి.